షష్ఠీ విభక్తి

ఎగ్మూరు రికార్డు ఆఫీసులో
తెలుగు చదవడం వచ్చినది నాకొక్కదానికే.
అందుకని తెలుగు సిరా తగిలిన ప్రతి కాగితమూ
నా బల్ల మీదికే వస్తుంది,
మైలతుత్తం కలిపిన గంజి గిన్నె పక్కకి.

ఈ వారం కట్ట విప్పితే ఎడ్మండ్ థ్రెల్కెల్డ్.
జిల్లాలో ఆ పేరుకి నోరు తిరగక
తిరగలి దొర అన్నారు.
ఓ రైతు అర్జీలో అలాగే రాసి ఉంది.
దాని కిందే సంతకం పెట్టాడు, పాపం, చూసుకోలేదు.

మొదటి కాగితం పరీక్షది.
మసూలా పడవ అలల మీంచి ఒడ్డున విసిరేసి
ఇంకా ఏడాది కాలేదు, మీసం సరిగా రాలేదు,
తెలుగు పాసైతే గాని జీతం పెరగదు.
తర్జుమాకిచ్చిన వాక్యాల్లో ఏడోదానికి
'నేను ఆకలి చేయుచున్నాను' అని రాశాడు.
కింద ఎర్ర సిరాతో మునిషీ నిడమర్తి అచ్చన్న:
"నాకు ఆకలి అగుచున్నది అనవలెను.
ఆకలి మనము చేసెడి పని గాదు దొరవారూ,
మనకు అయ్యెడిది. షష్ఠి. కు."

ఆ కు ని బెత్తెడంత రాశాడు.
కిన్ కున్ యొక్క లోన్ లోపలన్ అని
మా పంతులుగారి దగ్గర నేను ఊగుతూ వల్లించినప్పుడు
ఎవరూ ఇంత చెప్పలేదు.

రెండోసారి పాసయ్యాడు.
సబ్ కలెక్టరు. కలెక్టరు. మళ్ళీ ఈ ఊరే,
చేపాక్కంలో రెవెన్యూ బోర్డు సెక్రటరీ.
కాగితం మందమవుతూ వస్తుంది, సంతకం పొట్టిదవుతూ.
చివరికి ఒక గీత, ఒక చుక్క.

అచ్చన్న పింఛనుకి పెట్టుకున్న అర్జీ ఇందులోనే ఉంది.
కళ్ళు పోయాయని కొడుకు చేత రాయించాడు.
అంచున: "రూలు లేదు."
గీత, చుక్క.

కరువేటి కాగితాలు ముట్టుకుంటే పొడి.
జొన్నల ధర. రోడ్డు పనికొచ్చిన కూలీలు.
రానివాళ్ళు. వచ్చి లేవనివాళ్ళు.
ఒక రోజంతా పట్టింది నాకు
ఆ ఒక్క పట్టికని పలచటి పొర మీద నిలబెట్టడానికి.
తిరగలి ఆ ఏడు దేన్ని విసిరిందో.

తర్వాత ఓడెక్కాడు.
ఉన్ని మిల్లులున్న ఏదో ఊరు
ఇండియా చూసొచ్చిన మనిషని ఓట్లేసింది.
కట్ట అడుగున పత్రిక ముక్క, పార్లమెంటులో ప్రసంగం.
వాళ్ళ భాష తెలుసు అన్నాడు.
పని చూపించాం, రాలేదు అన్నాడు.
ఆకలిని వాళ్ళే కోరుకున్నారు అన్నాడు.
సభ్యుల హర్షధ్వానాలు అని వాలు అక్షరాల్లో వేశారు.

మళ్ళీ ఏడో వాక్యమే.
ఇంగ్లీషులో అన్నాడు గనక సరిపోయింది.
తెలుగులో అయితే
తెలుసు అనడానికైనా 'నాకు' అనాల్సొచ్చేది,
తెలియడమూ మనం చేసే పని కాదు గనక.

పత్రిక ముక్కలో ఎక్కడా ఎరుపు లేదు.
అద్దం పెట్టి రెండుసార్లు వెతికాను.

పరీక్ష కాగితానికి మాత్రం తడి తగలనివ్వకూడదు,
ఆ ఎర్ర సిరా పారుతుంది.
ఊపిరి బిగబట్టి, కుంచె మొనతో
అంచు నుంచి అంచు దాకా వచ్చి
కు దగ్గర ఆగిపోయాను.
కిటికీ అవతల బీచ్ స్టేషన్ రైలు వెళ్ళేదాకా
చెయ్యి కదపలేదు.

"ఉంగళుక్కు పసిక్కలయా?"
గుమ్మంలో తామరైసెల్వి, చేతిలో డబ్బా.
రెండయిందట.

ఉంగళుక్కు.
ఇరవయ్యేళ్ళుగా రోజూ అడుగుతూనే ఉంది,
నేనే వినలేదు.

గంజి చేతులు తుడుచుకున్నాను.
పసిక్కుదు, అన్నాను.
ఎనక్కు.